అవ్వ కొలతకు కుదిరిన బండి

మేడ్చల్‌లో మా ఇంటి ముందుగది నాయిన కుట్టు దుకాణం. రోడ్డు వెడల్పు చేయడంలో ఆ గది పోతుందని తెలిసి, పోయిన నెల నేనూ మా చెల్లెలి కూతురూ సామాను సర్దడానికి కూర్చున్నాం. నాయిన పోయి అప్పటికి ఏడాది దాటింది. కత్తెరలు, దారపు ఉండలు, ఎవరూ తీసుకుపోని రెండు జాకెట్లు, బొగ్గుల ఇస్త్రీపెట్టె, వాటన్నిటి కిందా కొలతల పుస్తకాల కట్ట. మనిషికొక పేజీ చొప్పున ఛాతీ, నడుము, భుజం, చేయి పొడవు అన్నీ నాయిన గుండ్రటి అక్షరాల్లో ఉన్నాయి. ఆ వరుసలో ఒక పేజీ మీద ‘సరోజ బండి’ అని రాసి ఉంది. ‘సీటు ఎత్తు 33. నడుము కాడ తగ్గించాలె. అవ్వ కూసుంటే 31½.’ మా పిల్ల అది రెండుసార్లు చదివి, “పెద్దమ్మా, ఈ కస్టమర్ ఎవరు? అవ్వ కూర్చుంటే ఈమె ఎత్తు ఎందుకు తగ్గింది?” అని అడిగింది. నేను గుడ్డల మూట మీద కూలబడి కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వాను. సరోజ అంటే నేనే. బండి నాది. ఆ బండి కథ మాత్రం ఇంటిల్లిపాదిదీ.

అప్పట్లో మా ఇంటికి ఒక వాసన ఉండేది. పొద్దున ఇస్త్రీపెట్టెలో రాజేసిన బొగ్గులు, తడి గుడ్డ మీద లేచే ఆవిరి, కుట్టుమిషన్ నూనె, వెనక నుంచి అమ్మ కాల్చే జొన్నరొట్టెలు, వీటన్నిటినీ దాటి అరుగు మీద నుంచి అవ్వ పొగాకు. నాయిన మెడలో టేపు ఉండేది. అన్నం తింటున్నా, పడుకున్నా అది తీసేవాడు కాదు. సంతలో సొరకాయ కొన్నా కొలిచేవాడు. అవ్వ అంటే నాయినను కన్నతల్లి. భారీ మనిషి. ఆమె అరుగు మీద కూర్చుంటే ఇంకొకరికి చోటుండేది కాదు. వీధిలో వచ్చేపోయే ప్రతివాళ్లనూ ఎక్కడికి, ఎందుకు, ఎప్పుడొస్తావని అడిగి గానీ వదిలేది కాదు. అమ్మ వంటకు వంటకు మధ్య కూర్చుని కాజాలు కుట్టేది, కోపం వచ్చినప్పుడు మాత్రం ఇంకా వేగంగా కుట్టేది.

నాకు శామీర్‌పేట వైపు ఊళ్లలో నర్సు ఉద్యోగం వచ్చింది. కాంట్రాక్టు ఉద్యోగమే. ఐసు ముక్కలు పెట్టిన టీకాల డబ్బా భుజాన వేసుకుని ఊరూరూ తిరిగి పసిపిల్లలకు సూదులు వేయడం, చుక్కలు పోయడం. లాల్‌గడి మలక్‌పేట్ దాకా రోడ్డు పరవాలేదు. ఆ తర్వాత పొలాల్లోకి దిగి, ఒక వాగు దాటితే, గుట్ట కింద రాళ్లు కొట్టుకుని బతికేవాళ్ల గుడిసెలు ఉండేవి. అందరూ గుట్టకింది గూడెం అనేవారు. నా పాత మోపెడ్ ఆ బురదలోకి దిగిందంటే బర్రెలాగా కూలబడేది. దాన్ని లాగి, తోసి, మోసి నేను చేరేసరికి డబ్బాలో ఐసు నీళ్లయ్యేది. ఐసు కరిగిపోతే డబ్బాలోని మందు వేయకూడదు. దానికి తోడు గూడెం ఆడవాళ్లు నన్ను చూడగానే పిల్లల్ని రాళ్లగుట్టల వెనక దాచేవాళ్లు. నా రిజిస్టరులో ఆ గూడెం పేరు ఎదుట వరుసగా సున్నాలే. మా ఆసుపత్రి డాక్టరుగారు పిలిచి, ఈ వానాకాలం కూడా ఇలాగే ఉంటే కాంట్రాక్టు పొడిగించనని మెమో ఇచ్చారు.

ఆ కాగితం నాయిన కూడబలుక్కుని చదివి, మడతపెట్టి మిషన్ సొరుగులో పెట్టాడు. “గా బురదల గీ మోపెడ్ ఏం నడుస్తది బిడ్డా. నీకు వేరే బండి గావాలె” అన్నాడు. ఆయనకు సైకిలు తప్ప ఏదీ నడపడం రాదు. అయినా ఆదివారం యాప్రాల్ వెళ్లి, బదిలీ మీద పోతున్న ఒక మిలిటరీ ఆయన దగ్గర పాత మోటార్ సైకిలు కొని, దాన్ని ఆటోట్రాలీలో ఎక్కించుకుని, పక్కనే నిలబడి పట్టుకుని తెచ్చాడు. వీధిలోకి పెళ్లికూతురు వచ్చినట్టు అందరూ బయటికి వచ్చారు. అవ్వ అరుగు మీద నుంచి చూసి, “సరోజ, గిదాని మీద నువ్వు కూసుంటవా, నీ మీద గిది కూసుంటదా?” అంది. నా ఎత్తు ఐదడుగులు, బరువు నలభై కిలోలు.

ఇక్కడే మూర్తిగారు రంగంలోకి వచ్చారు. మా వెనక కొత్త కాలనీలో అద్దెకుండే భీమవరం మనిషి, ఫ్యాక్టరీలో ఇంజనీరు. ఆదివారం ఆయనకు ఏమీ తోచేది కాదు. పాత పుస్తకాల షాపులో కొన్న ఒక ఇంగ్లిషు మోటార్ సైకిళ్ల పత్రిక ఆయన దగ్గర ఉండేది. దాన్ని అందరికీ చూపించేవారు, ఎవరి చేతికీ ఇచ్చేవారు కాదు. బండి చుట్టూ మూడుసార్లు తిరిగి, నాయినతో, “రాజయ్యగారూ, దీన్ని డ్యూయల్ స్పోర్టుగా మార్చేద్దామండీ. తార్రోడ్డు మీదా పోద్ది, పొలంగట్ల మీదా పోద్ది. మన దగ్గర అలాంటివి రెడీగా దొరకవు, మనమే చేసుకోవాలి” అన్నారు.

నాయిన, “అంటే, రెండు దిక్కుల తొడుక్కునే కోటు అసుంటిది అన్నట్టు” అన్నాడు.

“అదే అనుకోండి.”

“గట్లయితే నాకు సమజైంది సారూ. జేద్దాం.”

అట్లా మొదలైంది. ముందు టైరుకు బురద పట్టేయకుండా మడ్గార్డును నాలుగు వేళ్ల ఎత్తు లేపారు. గుబ్బల టైర్లు వేశారు. బురదలో ఇంజను రొప్పకుండా వెనక చక్రానికి ఎక్కువ పళ్లున్న స్ప్రాకెట్ పెట్టారు. సైలెన్సర్ వాగులో మునగకుండా పైకి వంచి వెల్డింగ్ చేయించారు. వెనక షాకబ్జార్లు తీసి పొడుగువి బిగించారు. ఇంజను కింద రాళ్లు తగలకుండా ఒక ఇనుపరేకు కావాలని మూర్తిగారు అన్నారు. ఎంత మందం కావాలో పత్రికలో చూసి చెప్పారు. నాయిన టేపు పట్టుకుని ఇల్లంతా తిరిగి, చివరికి వంటింట్లో ఆగాడు. మర్నాడు అమ్మ రొట్టెల పెనం కోసం వెతికితే, అది నాలుగు బోల్టులతో ఇంజను కింద బిగించి ఉంది. అమ్మ వారం రోజులు ఇంట్లో రొట్టె కాల్చలేదు, కాజాలు మాత్రం టకటకా కుట్టింది.

కానీ చైను సంగతిలో ఊరుకోలేదు. చైనును కిరసనాయిలులో కడిగి, కాగిన గ్రీజులో ముంచితే వారంపాటు బురదలో తిరిగినా తుప్పు పట్టదని మూర్తిగారు చెప్పారు. నాయిన దాన్ని అమ్మ పప్పు గిన్నెలో వేసి, అమ్మ పొయ్యి మీదే కాచాడు. ఆ పూట పచ్చిపులుసు కూడా గ్రీజు వాసనే వేసింది. అమ్మ గరిటె పట్టుకుని ముందుగదిలోకి వచ్చి, “గీ ఇంట్ల మనుషులు తినాల్నా, బండి తినాల్నా? ఒక్కటి చెప్పు!” అంది. నాయిన మిషన్ తొక్కడం ఆపకుండా, “బండి తింటేనే గదా బిడ్డ నౌకరి నిలబడేది” అన్నాడు. అమ్మ ఇక మీదట ప్రతి ఆదివారం చైను కాచడానికి పెరట్లో విడిగా ఒక రాళ్ల పొయ్యి, ఒక సొట్ట గిన్నె ఏర్పాటు చేసింది. ఇంజనుకు గాలి వడకట్టే స్పాంజిని సబ్బుతో ఉతికి, దండెం మీద జాకెట్ల మధ్య ఆరేసే పని కూడా తనే చేసేది. ఒకసారి నాయిన ఆ స్పాంజినే ఒక పెళ్లికొడుకు కోటు భుజంలో పెట్టి కుట్టబోతుంటే, ఆఖరి నిమిషంలో లాక్కుంది కూడా.

ఇంతా చేశాక బండి ఎత్తు ముప్పైమూడు అంగుళాలయింది. నేను ఎక్కితే కాళ్లు గాల్లో ఆడాయి. షాకబ్జార్లు దించాలని మూర్తిగారు, సీటు కొయ్యాలని నాయిన. రెండు ఆదివారాలు వాదించుకున్నారు. మూడో ఆదివారం నాయిన నన్ను బండి మీద కూర్చోబెట్టి, నా తొడ దగ్గరి నుంచి మడమ దాకా టేపు పెట్టి చూసి, “సారూ, తప్పు ఎత్తుల లేదు, వెడల్పుల ఉన్నది. కాలు ముందుగాల పక్కకు పోయి, ఆడికెళ్లి కిందికి దిగుతాంది. గా పక్కకు పోయేదే తగ్గించాలె. నడుము కాడ పట్టెయ్యాలె” అన్నాడు. మూర్తిగారు పత్రిక తెరిచి, ఏదో వెతికి, మళ్లీ మూసేశారు. నాయిన సీటు తీసి, ముందు భాగం రెండు వైపులా స్పాంజి చెక్కి, జాకెట్టు నడుము దగ్గర డార్టు మడత పట్టినట్టు పట్టి, పైన రెక్సిన్ కుట్టాడు. ఎత్తు పెద్దగా తగ్గలేదు గానీ నా మునివేళ్లు నేలకు ఆనాయి. నాయిన ఎంత మురిసిపోయాడో చెప్పలేను. ఆ వారమంతా దుకాణానికి వచ్చిన వాళ్లందరికీ జాకెట్టు కంటే ముందు ఆ సీటు చూపించాడు.

ఇక మిగిలింది వెనక స్ప్రింగు బిగింపు. నడిపే మనిషి కూర్చుంటే బండి ఎంత కుంగాలో ఒక లెక్క ఉంటుందట, దాని ప్రకారం స్ప్రింగు తిప్పాలట. మూర్తిగారు ఆ పని పెట్టుకున్న ఆదివారం పోలియో చుక్కల రోజు కావడంతో నేను డ్యూటీలో ఉన్నాను. మర్నాడే ఆయన వాళ్ల అమ్మగారికి ఒంట్లో బాగాలేదని భీమవరం వెళ్లాలి. మనిషి లేకుండా కొలత ఎలా అని ఇద్దరూ తలలు పట్టుకుంటే, అవ్వ అరుగు మీద నుంచి, “నేను లేనా? మనిషినే గదా” అందట. అరుగు పక్కన బండి పెడితే ఆమె అక్కడి నుంచే నేరుగా సీటు మీదికి జరిగిందట. ఒకరి కొలతకు ఇంకొకరి జాకెట్టు ఏనాడూ కుట్టని మా నాయిన, నా బండిని అవ్వ కొలతకు బిగించాడు. ‘అవ్వ కూసుంటే 31½’ అని రాసి సంతకం కూడా పెట్టాడు.

ఆ సంగతి నాకు సోమవారం తెలిసింది. అవ్వ బరువుకు బిగించిన స్ప్రింగు నా నలభై కిలోలకు కుంగనే లేదు. మేడ్చల్ దాటిన తర్వాత మొదటి స్పీడ్‌బ్రేకర్ మీద బండి వెనకభాగం నన్ను గాల్లోకి ఎత్తి, నాకంటే ముందే కిందికి దిగిపోయింది. నాలుక కరుచుకున్నాను. పొలంగట్ల మీద గాడిద మీద పోయినట్టే పోయాను. టీకాల డబ్బా మూత ఎగిరి పడిపోయింది. సాయంత్రం ఏడుపు మొహంతో ఇంటికి వస్తే, స్ప్రింగు తిప్పే కొక్కెం స్పానర్ మూర్తిగారి తాళం వేసిన ఇంట్లో ఉంది. నాయిన స్క్రూడ్రైవర్ పెట్టి సుత్తితో కొట్టబోతే అది జారి బొటనవేలు చితికింది. అసలే పెళ్లిళ్ల కాలం, చేతినిండా కుట్టుపని. అమ్మ సుత్తి లాక్కుని బియ్యం డబ్బాలో దాచేసింది. మూర్తిగారు ఎప్పుడొస్తారో తెలియదు. గురువారం గూడెం డ్యూటీ, వాన ఆగేలా లేదు.

అవ్వ పొగాకు నములుతూ అందరి మొహాలూ చూసింది. “గింత పరేషాన్ ఎందుకు? బండి నాకు కుదిరింది గదా. నేను ఎనకకెళ్లి కూసుంట. ఎగురుతదా సూద్దాం.”

“అత్తా, గీ వయసుల నీకెందుకు” అంది అమ్మ.

“ఎడ్లబండి ఎక్కిన, ఇటుకల లారీ ఎక్కిన. గిది ఎక్కనా?”

గురువారం పొద్దున ఆమె కొత్త చీర కట్టి, నడుమున పొగాకు సంచి దోపి, టీకాల డబ్బా ఒళ్లో పెట్టుకుని, అరుగు మీద నుంచి బండి మీదికి జరిగింది. బండి ‘హమ్మయ్య’ అన్నట్టు కుంగింది. నిజం చెబుతున్నాను, అంత మెత్తగా నేను ఏ కారులోనూ ప్రయాణం చేయలేదు. నాయిన మెడలో టేపుతో సందు చివరిదాకా పక్కనే పరుగెత్తి, చేయి ఊపి ఆగిపోయాడు. బురదలో గుబ్బల టైర్లు పట్టాయి. వాగులో నీళ్లు మోకాలి లోతు. మధ్యలో ఇంజను కింద రాయి తగిలి ఠంగుమని మోగింది. ఇంజను పగిలిందనుకున్నాను. వెనక నుంచి అవ్వ, “ఏం గాలే, మీ అమ్మ పెనం. నడువ్” అంది.

గూడెంలో ఎప్పటిలాగే ఆడవాళ్లు పిల్లల్ని తీసుకుని మాయమయ్యారు. అవ్వ ఒక పెద్ద రాయి మీద కాలు మోపి బండి దిగి, అదే రాయి మీద కూర్చుంది. “ఎవ్వలన్న ఉన్నరా? ముసల్దానికి గుక్కెడు నీళ్లు పొయ్యున్రి” అని కేక వేసింది. నీళ్లు అడిగితే రాకుండా ఎవరుంటారు? ఒకామె వచ్చింది. పొగాకు పంచుకున్నారు. ఇంకో ఇద్దరు వచ్చారు. ఎవరికెంత మంది, ఎవరి పుట్టిల్లు ఎక్కడ అని అరగంట సాగింది. నేను డబ్బా పట్టుకుని ఐసు వైపు చూసుకుంటూ నిలబడ్డాను. చివరికి ఒకామె, “గామె సూది ఏస్తే పిల్లలకు జెరం వస్తాందవ్వా, రెండొద్దులు ఒకటే ఏడుపు. అందుకే ఒద్దంటున్నం” అంది.

అవ్వ పొగాకు ఉమ్మేసి, మామూలు గొంతుతోనే చెప్పింది. “నాకు ఏడుగురు పుట్టిన్రు. నలుగురు మిగిలిన్రు. ఇద్దరు తట్టుకు పోయిన్రు, ఒగడు గొంతు మూసుకపోయి పోయిండు. గప్పుడు గిసొంటి డబ్బా పట్టుకొని మా ఇంటికి ఎవ్వలు రాలే. జెరమొస్తే ఏడుస్తదంటున్నవ్. ఏడ్వనీ. ఏడ్సే పిల్ల ఉంటది గదనే.”

ఆ ముగ్గురి సంగతి నేను అప్పటిదాకా వినలేదు. నాయిన ఎప్పుడూ చెప్పలేదు. చేతిలో డబ్బా ఉన్నట్టుండి చాలా బరువనిపించింది. నీళ్లు తెచ్చిన ఆమె లేచి రాళ్లగుట్ట వెనక్కి పోయి, చంకన పిల్లతో వచ్చింది. ఆ రోజు పద్నాలుగు మంది పిల్లలకు వేశాను. డబ్బాలో ఐసు ఇంకా గట్టిగానే ఉంది. తిరిగి వస్తూ వాగు దగ్గర ఆపి, “అవ్వా, గా ముగ్గురి పేర్లేంది?” అని అడిగాను. చెప్పింది. చెప్పి, “ఇగ నడువ్ బిడ్డా, ఆకలైతాంది” అంది.

తర్వాతి నెల డాక్టరుగారు తనిఖీకి వచ్చి, బండి మీద అవ్వను చూసి ఆగిపోయారు. “ఎవరీమె? డ్యూటీలో ఇంకో మనిషిని ఎందుకు తిప్పుతున్నావు?” అని గద్దించారు. నేను నోరు తెరిచేలోగా అవ్వే, “నేను లేకుంటే బండి ఎగురుతది సారూ” అంది. ఆయనకు ఏమీ అర్థం కాలేదు. రిజిస్టరు తిప్పి సున్నాలు ఆగిపోయిన చోటు చూశారు. మళ్లీ అవ్వ వైపు చూశారు. “సరే, ఎగరనీయకు” అని జీపు ఎక్కారు. నా కాంట్రాక్టు నిలిచింది. మూర్తిగారు భీమవరం నుంచి వాళ్ల అమ్మగారిని వెంటబెట్టుకుని వచ్చి, జరిగింది విని నొచ్చుకుని, కొక్కెం స్పానర్ పట్టుకుని పరుగున వచ్చారు. “తప్పయిపోయిందండీ సరోజమ్మా, అయిదు నిమిషాల్లో మీ బరువుకి సెట్ చేసేస్తాను.” అప్పటికే అవ్వ ఒళ్లో డబ్బా పెట్టుకుని సీటు మీద తయారుగా ఉంది. “ఒద్దు సారూ, మంచిగనే ఉన్నది” అన్నాను.

మూడు వానాకాలాలు అలాగే తిరిగాం. తర్వాత అవ్వకు మోకాళ్లు పట్టేసి, అరుగు మీద నుంచి సీటు మీదికి కాలు రావడం మానేసింది. నాయిన మూర్తిగారి స్పానర్ తెచ్చి, నన్ను కూర్చోబెట్టి, స్ప్రింగు నాలుగు మెట్లు వదులు చేసి కొలిచాడు. లెక్క సరిగ్గా కుదిరింది. బండి ఎగరడం మానేసింది. అయినా చాలా రోజులు గుంత వచ్చినప్పుడల్లా నా వీపు వెనక నుంచి ఒక మాట కోసం ఎదురు చూసేదాన్ని.

ఇప్పుడు ఆ వాగు మీద వంతెన ఉంది. గుట్టలో సగం కరిగిపోయింది, మిగిలిన సగం చుట్టూ ప్రహరీ కట్టి విల్లాలు అమ్ముతున్నారు. మా చెల్లెలి కొడుకు కొన్న బండిలో స్ప్రింగు సంగతి మీట నొక్కితే అదే చూసుకుంటుందట. వాడు ఇప్పటిదాకా దాన్ని తార్రోడ్డు మీద నుంచి కిందికి దింపలేదు. ఆదివారం సర్వీసింగుకు షోరూములో వదిలేసి, కాఫీ తాగి, తీసుకొస్తాడు. మంచిదే. టీకాలకు తల్లులే కార్డులు పట్టుకుని వస్తున్నారు, అది ఇంకా మంచిది. కానీ ఒక బండి కోసం ఇంట్లో నలుగురూ పోట్లాడుకుని, వండుకుని, ఉతికి, కుట్టి, తలా ఒక చేయి వేసిన రోజులు ఉన్నాయే, వాటికి సాటి వచ్చేది ఈ కాలంలో నాకు ఇంకా కనబడలేదు.

ఆ రోజుల్లో, అవ్వ రావడం మానేసిన మొదటి గురువారం నేను ఒక్కదాన్నే గూడెం వెళితే, ఆడవాళ్లందరూ బండి వెనక్కి చూసి, “అవ్వేది?” అన్నారు. మోకాళ్లని చెప్పాను. ఆ ఆదివారం మధ్యాహ్నం మా ఇంటి ముందు ట్రాక్టరు ఆగింది. ట్రాలీ నిండా గూడెం ఆడవాళ్లు, పిల్లలు. అవ్వను చూడవచ్చామన్నారు. అమ్మ టీ కోసం అతిపెద్ద గిన్నె పొయ్యి మీద పెట్టింది. నాయిన మిషన్ ఆపి చాపలు పరిచాడు. అవ్వ అరుగు మీద కూర్చుని, పిల్లల్ని ఒక్కొక్కరినే దగ్గరికి పిలిచి, ఎడమ భుజం మీది అంగీ పైకి లాగి, సూదిమచ్చ ఉందో లేదో వేలితో తడిమి చూసి, “ఆ, పో” అని పంపసాగింది. పదో పదకొండో పిల్ల దగ్గర ఆమె వేలు ఆగింది. ఇంకోసారి తడిమింది. ఆ నెలలోనే గూడేనికి కొత్తగా వలస వచ్చినవాళ్ల పిల్లట. అవ్వ రెండు చేతులూ అరుగుకు ఆనించి, మోకాళ్ల సంగతి మరిచిపోయి, లేవబోతూ ఇంట్లోకి కేక వేసింది.

“సరోజా! గీ పోరికి మచ్చ లేదు. సూది ఎయ్యలే నువ్వు. తియ్ బండి!”